సువర్ణ ఓడిపోయిన కుర్చీ

ఎస్.ఆర్. నగర్‌లో నా గది కిటికీకి ఎదురుగా ఒక పాత ఇల్లు కూలగొడుతున్నారు. పొద్దున పనివాళ్లు వచ్చీ రాగానే సమ్మెట చప్పుడు మొదలవుతుంది. చప్పుళ్లకు ఈ పేటలో అందరం అలవాటుపడ్డవాళ్లమే. నన్ను కిటికీ దాకా లాక్కొచ్చింది వాసన. ఎర్ర గచ్చును పగలగొట్టినప్పుడు, ఏళ్ల తరబడి దాని కింద ఊపిరాడకుండా పడి ఉన్న మట్టి బయటికి వస్తుంది. చెమ్మ, సున్నం, ఎప్పుడో ఒలికిన కిరసనాయిలు కలిసిన వాసన అది. ముక్కుకు తగలగానే నాకు సువర్ణ గుర్తుకొస్తుంది. ఆ గుర్తుతో పాటే అసూయ కూడా వస్తుంది. దానికి గౌరవమనో అభిమానమనో మర్యాదైన పేరు పెట్టి రాయడం నాకు కష్టమేమీ కాదు. కాలేజీలో చదివినన్నాళ్లూ వాదపోటీల వేదికల మీద నేను నేర్చుకున్న విద్య అదే: ఏ వైపు నిలబెడితే ఆ వైపు నుంచి నమ్మకంగా మాట్లాడటం. ఆమెను గురించి రాసేటప్పుడు మాత్రం ఆ విద్యను పక్కన పెడుతున్నాను. ఆమెను ఎరగనివారు ఈ కొద్ది పేజీల్లో ఆమెను తెలుసుకోవాలంటే, ఆమెను చూసి ఒకడు ఎంతగా కుళ్లుకున్నాడో తెలియడమే దగ్గరి దారి.

మేమిద్దరం పంజాగుట్టలో, ఒక చీరల దుకాణం పై అంతస్తులో ఉన్న చిన్న కార్యాలయంలో పనిచేసేవాళ్లం. పట్టణ ప్రణాళికాధికారిగా పదవీ విరమణ చేసిన విఠల్‌రావు సార్ దాన్ని నడిపేవారు. నగరం రేపు ఎలా మారుతుందో కంప్యూటర్ మీద ఒక నమూనా కట్టి, ముందుగా నడిపించి చూడటం మా పని. తెర మీద అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఉన్న ప్రతి స్థలమూ ఒక చిన్న గడిగా కనబడుతుంది. ప్రతి గడికీ ఒక యజమాని ఉంటాడు. అతన్ని మా వృత్తిలో ఏజెంటు అంటారు. స్థలాలు అమ్మిపెట్టే ఏజెంటు కాదు; మేము రాసిచ్చిన నియమాల ప్రకారం తనంతట తాను నిర్ణయాలు తీసుకునే ఒక కల్పిత మనిషి. అద్దెలు పెరిగితే ఏం చేస్తాడు, పక్కిల్లు హాస్టల్ అయితే ఏం చేస్తాడు, మెట్రో స్టేషన్ దగ్గరికి వస్తే ఏం చేస్తాడు, అన్నీ మేమే రాయాలి. రాసి, కాలాన్ని ముందుకు తోస్తే, గడులు ఒక్కొక్కటే రంగు మారుతూ పోతాయి. ఇల్లు పసుపు, హాస్టల్ ఎరుపు, దుకాణం నీలం. పాత ఉపగ్రహ చిత్రం నుంచి మొదలుపెట్టి నేటి దాకా నడిపించినప్పుడు, తెర మీద తేలిన వీధీ బయట ఉన్న వీధీ ఒకటైతే, ఆ నియమాలను నమ్మి రేపటికి నడిపించవచ్చు. తేడా వస్తే, మనం రాసిన మనుషులు మనుషులు కారని అర్థం.

నేను చేరిన కొత్తలోనే మాకు ఒక పెద్ద పని వచ్చింది. రాబోయే రోజుల్లో ఏ గల్లీలో హాస్టళ్లు ఎక్కువ లేస్తాయో ముందే తెలిస్తే, అక్కడ మంచినీళ్లకూ మురుగునీళ్లకూ పెద్ద పైపులు వేయవచ్చని ఒక ప్రభుత్వ కమిటీ మమ్మల్ని ఆ అంచనా అడిగింది. ఆ నమూనాకు ప్రధాన బాధ్యులు ఒక్కరే ఉండాలి. నియమాలు వారివి, నివేదిక మీద పేరు వారిది, రేపు ఈ నమూనాను నగరంలో ఇంకెక్కడికి విస్తరించినా నడిపించేది వారే. సార్ ఆ పేరు ఇంకా చెప్పలేదు. అందుకు తగినవాళ్లం ఇద్దరమే ఉన్నాం: నేను, సువర్ణ. ఆ పేరు నాది కావాలన్న కోరిక అప్పట్లో నాకు ఆకలి లాంటిది. పొద్దున లేవగానే ఉండేది, తిన్నాక కూడా ఉండేది.

సువర్ణ నాకంటే కొన్నేళ్లు పెద్దది. వాళ్లది సిరిసిల్ల. తండ్రి మరమగ్గం పని మానేసి యూసుఫ్‌గూడలో దర్జీ దుకాణం పెట్టుకున్నాడు. ఆమె భూగోళశాస్త్రం చదివి, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. గట్టిగా నవ్వేది. ఎవరినైనా రెండో మాటకే ఏదో ఒక వరస కలిపి పిలిచేది. నేను ఏలూరు నుంచి వచ్చినవాణ్ని. అందరికీ 'గారు' చేర్చనిదే నోరు మెదిపేవాణ్ని కాదు. మొదటి రోజు నేను "సువర్ణ గారూ" అనగానే, "గారు గీరు ఎందుకు తమ్మీ, గంత పెద్దదాన్ని గాలె నేను" అని నవ్వింది. నేను మాత్రం మానలేదు. ఆమె నన్ను 'తమ్మీ' అనేది, మరీ ఉత్సాహం వస్తే 'లాయర్ సాబ్' అనేది. నేను 'గారు' అనే కంచెకు ఇవతలే నిలబడి జవాబిచ్చేవాణ్ని.

మా కార్యాలయంలో ఒక ఆచారం ఉండేది. ప్లాస్టిక్ వైరు అల్లిన పాత ఇనుప కుర్చీ ఒకటి గది మధ్యలో వేసేవారు. ఎవరైనా కొత్త నియమం రాయాలనుకుంటే, ముందు ఆ కుర్చీలో కూర్చుని ఆ యజమానిగా మారాలి. 'అతను' అనకూడదు, 'నేను' అనాలి. మిగతావాళ్లు ప్రశ్నలు వేస్తారు. జవాబు తప్పిపోతే నియమం పడిపోయినట్టే. "ఇక్కడ నలుగురి ముంగట నిలువలేనోడు, కంప్యూటర్ల ఎట్ల బతుకుతడు?" అనేవారు విఠల్‌రావు సార్. నా కోసమే ఎవరో తయారుచేసి పెట్టినట్టుండేది ఆ ఆచారం. నేను కుర్చీలో కూర్చుంటే ఎస్.ఆర్. నగర్ ఇంటి యజమానిని. ఒక కుటుంబానికి అద్దెకిస్తే ఎంత, మంచాలు వేసి ఉద్యోగార్థులకిస్తే ఎంత, బిల్డరుకిస్తే ఎంత, ఒక్కొక్కటీ వరసగా పేర్చి చెప్పేవాణ్ని. ఏ ప్రశ్న వచ్చినా దాని వెనక వచ్చే మూడో ప్రశ్నకు కూడా నా దగ్గర జవాబుండేది. నా నియమం ఒక్కటీ పడిపోలేదు.

సువర్ణ కూర్చున్న మొదటిసారి నాకు బాగా గుర్తు. ముగ్గురన్నదమ్ముల ఉమ్మడి ఇంట్లో నడిమివాడిగా కూర్చుంది. ప్రశ్నలడిగేది నేను.

"చుట్టూ అందరూ హాస్టళ్లకు ఇస్తున్నారు. మీరెందుకు ఇవ్వడం లేదు?"

"ఏమో. చూస్తున్నం."

"ఏం చూస్తున్నారు?"

"మా అన్న ఏమంటడో అని."

"మీ అన్నగారికి ఇష్టమైతే?"

"ఇష్టముంటే ఆయననే అనేటోడు గదా."

"పోనీ మీరే అడగవచ్చు కదా?"

"నేనెట్ల అంట?"

"ఎందుకు అనకూడదు? ఆ ఇంట్లో మీకూ మూడో వంతు ఉంది."

ఆమె కళ్లు దించుకుంది. "నాకు తెల్వది" అంది.

నేను సార్ వైపు తిరిగాను. "సార్, కారణం చెప్పలేని మనిషికి నియమం ఎలా రాస్తాం?" సార్ నిట్టూర్చి, "పోయింది సువర్ణా" అన్నారు. ఆమె లేచి, కుర్తా సర్దుకుని, "పోతే పోయింది సార్. చాయ్ చెప్పమంటరా?" అంది. చెప్పింది కూడా. చాయ్ వచ్చేసరికి ఆమె కింది దుకాణంలో కొత్తగా వచ్చిన చీరల గురించి మాట్లాడుతోంది. నా అసూయ ఆ చాయ్ దగ్గర మొదలైంది. గెలిచినవాణ్ని నేను; రాత్రి దాకా ఆ సంభాషణను మనసులో తిప్పుకుంటూ ఇంకా బాగా ఎలా అడగవచ్చునో ఆలోచిస్తాను. ఓడిన మనిషి బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటోంది. వేదికల మీద నేను చూసిన ఓటములన్నీ ముఖాల మీద కనబడేవి. ఈమె ముఖం మీద ఓటమికి చోటే ఉన్నట్టు లేదు. నేను ఎంతో కష్టపడి సంపాదిస్తున్నదాన్ని ఒకరు అసలు లెక్కే చేయకపోతే, సంపాదించినవాడికి కలిగేది జాలి కాదని అప్పుడే తెలిసింది.

వారాలు గడిచే కొద్దీ నా అసూయకు మేత దొరుకుతూనే ఉంది. ఆమె కుర్చీలో కూర్చుంటే సార్ నవ్వేవారు, నేను కూర్చుంటే తల ఊపేవారు. ఆమె రాసే ప్రోగ్రాం పొట్టిగా ఉండేది, నాది పొడుగు. కింద దుకాణంలో లెక్కలు చూసే మామ్మగారు సైతం మెట్ల దగ్గర ఆమెను ఆపి కోడలి సంగతులు చెప్పుకునేది. అదే మెట్ల మీద నాతో 'లిఫ్టు పనిచెయ్యట్లేదు' తప్ప ఇంకో మాట అన్నది లేదు. నాకు మామ్మగారి కోడలి సంగతులు అక్కర్లేదు. వాటిని సువర్ణతో చెప్పుకోవాలనిపించి, నాతో చెప్పుకోవాలని ఆవిడకు అనిపించకపోవడమే అక్కర్లేకపోయినా గుచ్చుకునేది.

నా నియమాలతో నమూనాను మొదటిసారి పూర్తిగా నడిపించిన రోజు సార్ అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించారు. హాస్టళ్ల మొత్తం సంఖ్య వీధిలో ఉన్నదానికి దగ్గరగా వచ్చింది. సార్ నా వీపు తట్టారు. సువర్ణ బజ్జీ పట్టుకుని తెర ముందు నిలబడి, గడులు ఎర్రబడటాన్ని రెండోసారి, మూడోసారి చూసింది.

"తమ్మీ, గీ గల్లీలల్ల అందరు నీ లెక్కనే మాట్లాడుతున్నరు" అంది.

మెచ్చుకోలనుకున్నాను. ఆమె వేలితో ఒక గడి చూపించింది. నా నమూనాలో ఎప్పుడో ఎర్రబడిపోయిన మూల మీది ఇల్లు. "గిది ఇంక ఇల్లే. రోజు దాని ముంగట్నుంచే వస్త నేను."

"ఒక్క ఇల్లు మినహాయింపు అవుతుంది, సువర్ణ గారూ. రెండు రోడ్లున్న మూల స్థలానికి అన్నిటికంటే ఎక్కువ ధర. అది ముందుగా మారకపోతే ఇంకేది మారుతుంది?"

"నువ్వన్నది మంచిగనే ఉన్నది. గా ఇంటోళ్లకు ఎవలు చెప్పాలె?" అని నవ్వి, "పోదం పా" అంది.

మర్నాడు పొద్దున వెళ్లాం. ఇరుకు గల్లీ, రెండు వైపులా హాస్టళ్లు, బాల్కనీల నిండా ఆరేసిన తువ్వాళ్లు. చివర మూల మీద ఆ ఇల్లు, ఎండలో తెరిపిగా ఉంది. ముగ్గురన్నదమ్ములది. నడిమివాడు శంకరయ్య వసారాలో నాకు కుర్చీ వేశాడు. లోపల వంటింట్లో నల్లా పైపు తుప్పు పట్టి పగిలిందని మేస్త్రీ ఎర్ర గచ్చు తవ్వుతున్నాడు. ఆ వాసన వసారా దాకా వచ్చింది. ఇంటి పెద్దకోడలు గుమ్మంలోకి వచ్చి మమ్మల్నిద్దరినీ చూసి, సువర్ణతో మాత్రమే, "లోపటికి రా బిడ్డా, దుమ్మున్నది గని" అంది. సువర్ణ చెప్పులు విడిచి వెళ్లిపోయింది. నేను వసారాలో ప్రశ్నలు మొదలుపెట్టాను.

"ఈ ఇంటికి మంచి ధర వస్తుంది కదండీ. ఎవరైనా అడిగారా?"

"అడిగిన్రు సార్. మస్తుమంది అడిగిన్రు."

"మీరేమన్నారు?"

"చూస్తం అన్నం."

"ఇల్లంటే మమకారమా?"

"మమకారమా?" శంకరయ్య పైకప్పు వైపు చూశాడు. "వానకు కురుస్తది సార్ ఇది."

"మరి అమ్మడానికి అభ్యంతరం ఏమిటి?"

"అభ్యంతరం ఏం లేదు."

"అయితే?"

"చూస్తున్నం."

నా ప్రశ్నల్లో తప్పు లేదు. ఏ పోటీలోనైనా వాటికి మంచి మార్కులు పడేవి. అవి శంకరయ్యకు తగిలి మెత్తగా కింద పడిపోతున్నాయి. లోపలి నుంచి మాత్రం నవ్వులు, గిన్నెల చప్పుడు, ఒకసారి మేస్త్రీ కూడా కలిసి నవ్వడం వినిపించాయి. గోడకు అవతల నాకు కావలసింది జరుగుతోందని తెలిసి, గోడకు ఇవతల మర్యాదగా కూర్చోవలసి రావడం ఎలా ఉంటుందో చెప్పలేను. చాలాసేపటికి సువర్ణ వచ్చింది. చేతిలో కాగితంలో చుట్టిన సర్వపిండి ఉంది. గల్లీలోకి వచ్చాక సగం విరిచి నాకిచ్చింది. తినకూడదనుకున్నాను, తిన్నాను. చాలా బాగుంది, అందుకు కూడా కోపం వచ్చింది.

"ముగ్గురికి అమ్మాలనే ఉన్నది తమ్మీ" అంది నడుస్తూ. "ముగ్గురికీ! వదిన చెప్పింది. కని ముందు ఎవలంటే వాళ్ల మీదనే పడతది జిందగంత. ఏ పెండ్లికి కలిసినా, ఏ లొల్లి వచ్చినా, 'నువ్వే గదా నాయిన కట్టిన ఇల్లు అమ్మిపిచ్చినవ్' అంటరు. అందుకే ఎవ్వలు అంటలేరు. ఒగలు అనాలె అని ముగ్గురు కూసున్నరు."

"మరి పక్కవాళ్లు అమ్మారు కదా? వాళ్లూ ఉమ్మడి కుటుంబాలే."

"వాళ్లకు ముంగట హాస్టల్ లేచింది. ఎండ పోయింది, నల్లా సన్నగైంది. గప్పుడు ఎవలూ అనాల్సిన పని లేదు. 'ఇంక ఇక్కడ ఎట్ల ఉంటం' అని అందరు ఒక్కసారే అన్నరు. నేరం హాస్టల్ పెట్టినోని మీదికి పోయింది. వీళ్లది మూల ఇల్లాయె. రెండు దిక్కుల రోడ్డు, ఎండ పోదు, నీళ్లు తగ్గయి. సాకు దొరుకుతలేదు పాపం." ఆగి, పడీపడీ నవ్వింది. "రాత్రి పైపు పగిలితే ముగ్గురూ ఖుషీ అయిన్రంట. ఇంక లాభం లేదు అందామనుకునేసరికి పొద్దుగాల మేస్త్రీ వచ్చి, 'గింతేనా, పొద్దుమీకి చేసిస్త' అన్నడంట!"

నేను నవ్వలేదు. కుర్చీలో ఆమె అన్న 'నాకు తెల్వది' నా చెవుల్లో మళ్లీ వినిపించింది. దాన్ని నేను జవాబు తప్పడంగా లెక్కవేశాను. అదే జవాబు. నడిమివాడు నిజంగా అనేది అదే. మా ఆచారంలో నెగ్గాలంటే మనసులో ఉన్నదాన్ని వాదనగా పెట్టగలగాలి. అలా పెట్టలేని వాళ్లందరినీ మేము ఒక్కొక్కరిగా ఓడించి వీధి నుంచి తోలేశాం. మిగిలినవాళ్లంతా నాలా మాట్లాడేవాళ్లు. తెర మీద అమీర్‌పేటంతా నేనే కాపురముంటున్నాను. ఆ సంగతి ఆమె బజ్జీ తింటూ ఒక్క వాక్యంలో చెప్పింది, నేను దాన్ని పొగడ్త అనుకున్నాను.

అయినా నేను లొంగలేదు. లొంగి ఉంటే ఇప్పుడు గొప్పగా రాసుకునేవాణ్నేమో. మరుసటి రోజు ఆమె తన నియమంతో కుర్చీలో కూర్చుంది: ఉమ్మడి ఇల్లు ధర పెరిగినప్పుడు మారదు, ఇంట్లో ఎవరి మీదా నింద పడని సాకు దొరికినప్పుడు మారుతుంది, ఎదుటి భవనం వల్ల పోయే ఎండా, తగ్గే నల్లా నీళ్లూ ఆ సాకుకు కొలత. నేను అడిగాను.

"ధర రెండింతలైతే కూడా సాకు కోసమే ఆగుతారా?"

"ఆగుతం."

"మూడింతలైతే?"

"ఆగుతమనుకుంట."

"పదింతలైతే? ఎక్కడో ఒకచోట ధరే సాకు అవుతుంది కదా. ఎక్కడ?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. "తెల్వది తమ్మీ."

సార్ ఇబ్బందిగా కదిలారు. ఆచారం ప్రకారం నియమం పడిపోయింది. ఆమె లేచి, "ఓడిపోయిన సార్. కని జర ఒక్కసారి నడిపిచ్చి చూడనియ్యిన్రి. పోయేదేమున్నది?" అంది. సార్ ఒప్పుకున్నారు. నేను కాదనలేదు; పరీక్షకు అడ్డుపడటం నేను నమ్మిన పద్ధతికే విరుద్ధం.

రెండు నమూనాలూ పక్కపక్కనే నడిచాయి. మొత్తం సంఖ్యలో నాది మెరుగు. ఆమెదాంట్లో హాస్టళ్లు కొంచెం తక్కువ వచ్చాయి. కానీ ఏ ఇల్లు ఎర్రబడింది, ఏది పసుపుగా మిగిలింది అన్నది చూస్తే, ఆమెదాంట్లో గల్లీ గల్లీకీ మూలల్లో పసుపు చుక్కలు నిలిచాయి. సాయంత్రం సార్ ఆ రెండు పటాలూ అచ్చు తీయించుకుని గల్లీలు తిరగడానికి వెళ్లారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి. తిరిగొచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. "మూలలు చానామటుకు ఇండ్లే ఉన్నయ్. ముప్పై ఏండ్ల సర్వీసుల నేను చూడలె గిది" అని కూలబడ్డారు.

కాసేపటికి నన్ను పక్కకు పిలిచారు. ఆయనకు నా మీద ప్రేమ ఉండేది. "నీ దాంట్ల మొత్తం బాగొచ్చింది. మూల ఇండ్లకు ఒక మినహాయింపు రాసుకో. అప్పుడు అన్నిట్లా నీదే సరిపోతది. నీ పేరు పెట్టేస్త" అన్నారు.

నేను కోరుకున్నది అంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు. నోట్లో నీళ్లూరాయంటే అబద్ధం కాదు. "అది జవాబు చూసి లెక్క దిద్దుకోవడం అవుతుంది సార్" అన్నాను. "మూల ఇళ్లు ఎందుకు నిలిచాయో నా నియమానికి తెలియదు. తెలిసింది ఆమె నియమానికి. పేరు ఆమెదే ఉండాలి." సార్ నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయారు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గూ లేదు, గర్వమూ లేదు. న్యాయం మాట్లాడితే మనసు తేలికపడుతుందని అంటారు. నాకు పడలేదు. ఆమె పేరు బోర్డు మీద రాస్తుంటే చూడలేక, మెట్ల దాకా వెళ్లి నిలబడ్డాను.

కమిటీ ముందుకు వెళ్లవలసిన వారం సువర్ణ నా బల్ల దగ్గరికి వచ్చింది. "నువ్వు మాట్లాడాలె అక్కడ."

"నేనా? మీ నియమాన్ని కుర్చీలో రెండుసార్లు పడగొట్టింది నేను."

"అందుకే. వాళ్లు ఏమేం అడుగుతరో నీ అంత ఎవలకు ఎరుక? నన్ను అడిగితే తెల్వది అంట నేను. కథ ఖతం." కుర్చీ లాక్కుని కూర్చుంది. "లాయర్ సాబ్, ఎటు దిక్కు నిలవెడితే అటు మాట్లాడొస్తది అన్నవ్ గదా నీకు? నా దిక్కు నిలవడు."

నిలబడ్డాను. పొడుగాటి బల్ల చుట్టూ అధికారులు, ఒక చివర సార్, వెనక గోడకు ఆనుకుని సువర్ణ. నేను నమూనా వివరించాను, పటాలు చూపించాను. పెద్దాయన ఒకరు కళ్లజోడు తీసి, సరిగ్గా నేనడిగిన ప్రశ్నే అడిగారు: "మంచి ధర వస్తుంటే ఎందుకండీ ఆగుతారు? పది రెట్లిస్తామంటే కూడా ఆగుతారా?"

నాలో ఉన్న పాత వాదకుడు సమాధానం కోసం లెక్కల వైపు తిరగబోయాడు. ఆపాను. "సార్, మన్నించండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు కట్టిన ఇల్లు ఉమ్మడిగా ఉందనుకోండి. అమ్ముదాం అన్న మాట మొదట ఎవరంటారు?" అన్నాను.

బల్ల అవతల ఒకావిడ కిసుక్కున నవ్వింది. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుంటూ, "మా తమ్ముడు అంటే బాగుండు అని నేనూ పదేళ్లుగా చూస్తున్నానయ్యా" అన్నారు. గదంతా నవ్వింది. ఆ తర్వాత ప్రశ్నలు పైపుల గురించే. నియమం గురించి ఇంకెవరూ అడగలేదు. అంతా అయ్యాక నలుగురైదుగురు నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఎంత బాగా చెప్పారండీ అన్నారు. ఈ ఆలోచన సువర్ణ గారిది అన్నాను. అవునవును అంటూనే నా చెయ్యే ఊపారు. నా జీవితంలో అంతకంటే బాగా వాదించింది లేదు. అందులో నాదంటూ ఉన్నది గొంతు ఒక్కటే. వెనక గోడ దగ్గర ఆమె రెండు బొటనవేళ్లూ ఎత్తి చూపిస్తోంది, ముఖమంతా నవ్వు. పొగడ్తలు నా దగ్గరికి వచ్చినందుకు ఆమెకు ఒక్క క్షణమైనా కష్టం కలిగిందేమోనని వెతికాను. దొరికితే నాకు ఎంత ఊరటగా ఉండేదో. దొరకలేదు.

ఆమె దగ్గర ఇంకొన్నేళ్లు పనిచేశాను. గుమ్మాల దగ్గర ఎలా నిలబడాలో, అడగవలసింది అడగకుండా ఎంతసేపు ఉండవచ్చో, చెప్పలేకపోవడం కూడా చెప్పడమేనని ఎప్పుడు గుర్తించాలో ఆమెను చూసి దొంగిలించాను. నేర్పించమని అడగలేదు, అడిగితే నేర్పేది, అదీ నాకు ఓర్వలేనిదే. తర్వాత ఆమె వరంగల్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయింది. విఠల్‌రావు సార్ నమూనాను నాకు అప్పగించారు. నేను అంతగా కోరుకున్న పేరు అలా వచ్చింది, పక్కన ఉన్న మనిషి లేచి వెళ్తే ఖాళీ అయిన సీటు వచ్చినట్టు. అప్పటి నుంచి నమూనాను ఏ కొత్త పేటకు తీసుకువెళ్లినా నేనొక నియమం రాస్తాను. దాన్ని ఆమె నియమంతో న్యాయంగా పోటీ పెడతాను. ఆమెది ఓడిపోవాలని మనసారా కోరుకుంటాను. యూసుఫ్‌గూడలో ఆమెదే నిలిచింది. అంతకుముందు బల్కంపేటలోనూ ఆమెదే.

ఈ మధ్య ఎర్రగడ్డ మార్కెట్ రోడ్డు దగ్గర మాత్రం ఓడింది. మళ్లీ మళ్లీ నడిపించి చూశాను. అనుమానం లేదు. నా నియమం వీధితో సరిపోయింది, ఆమెది సరిపోలేదు. ఇన్నేళ్లుగా ఎదురుచూసిన గెలుపు. ఫోన్ చేశాను. తెలియజేయడం సభ్యత అని నాకు నేను చెప్పుకున్నాను. వినిపించాలన్న ఆత్రం ఎంత ఉందో నాకు తెలుసు.

"సువర్ణ గారూ, మీ నియమం ఎర్రగడ్డలో పనిచేయలేదండీ."

"అవునా!" అని అరిచింది. వెనక పిల్లల గొంతులు, క్లాసులో ఉన్నట్టుంది. "ఎక్కడ తప్పింది? చెప్పు చెప్పు."

"అక్కడ రోడ్డు మీది భవనాల యజమానులు అక్కడ ఉండరు. కింద దుకాణం నడిపే కిరాయిదారు చెప్పిందే జరుగుతుంది. ఒక ఇంట్లో ఉండి ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిన అన్నదమ్ములు లేరు. అందుకని వాళ్లకు సాకుతో పని లేదు."

"అగో! గది నాకు తట్టనే లేదు సూడు. ఎవలు చెప్పిన్రు నీకు?"

"స్టీలు సామాన్ల దుకాణం ఆయన. వారం పాటు వెళ్లి కూర్చున్నాను."

"మస్తు పట్టినవ్ తమ్మీ. జర ఆగు, పెట్టెయ్యకు." ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. కొంచెం దూరం నుంచి ఆమె గొంతు, క్లాసంతటికీ వినబడేలా: "అగో ఇనుండ్రి! నేను మీకు చెప్పిన రూల్ ఉన్నది గదా, ఎర్రగడ్డల అది తప్పిందంట. ఎట్ల తప్పిందో ఇప్పుడు చెప్త. మా తమ్ముడు పట్టిండు." పిల్లలు ఏదో అడిగారు. ఆమె నవ్వుతూ బోర్డు మీద సుద్దతో గీయడం మొదలుపెట్టింది. టకటకమని ఆ సుద్ద చప్పుడు వినిపిస్తూనే ఉంది. నన్ను ఫోన్లో ఉంచిన సంగతి మరిచిపోయింది.

నేను పెట్టెయ్యలేదు. నేను గెలిచిన వార్తను ఆమె తన పిల్లలకు చెబుతుంటే, గెలిచిన నాకంటే ఎక్కువ సంతోషంగా ఉంది ఆమె గొంతు. వాదించి తెచ్చుకోగలిగినవన్నీ నేను తెచ్చుకున్నాను. పేరు, కమిటీ పొగడ్తలు, చివరికి ఈ గెలుపు కూడా. తాను తప్పని తెలిసినప్పుడు మనిషికి అంత ఆనందం ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం నాకు తెలియదు. అది నాకు కావాలి. ఇంకా రాలేదు. ఆమె పాఠం పూర్తయ్యేదాకా ఫోన్ చెవికి ఆనించుకుని, చివరి బెంచీలో కూర్చున్న విద్యార్థిలా విన్నాను.